మంచం కింద పుస్తకాలు

(మహిళల కోసం రేడియోలో చేసిన ప్రసంగం)



వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళకి మీ ముందుకొచ్చాను. నడుం వాల్చే వినండి, నాకేం అభ్యంతరం లేదు. నేను చెప్పబోయేది పెద్ద శాస్త్రమేమీ కాదు. మా ఇంటి సంగతే. కాకపోతే మా ఇంట్లో మీ ఇంట్లో లేనిదొకటి ఉంది. మా పందిరిమంచం కింద అట్టపెట్టెలున్నాయి. వాటినిండా నేను రాసిన పిల్లల కథల పుస్తకాలున్నాయి.

పేరంటాల్లో ఎవరైనా కొత్తావిడ కనబడి, "మీరేం చేస్తారండీ?" అని అడిగితే, "పిల్లలకి కథలు రాస్తానండీ" అని చెబుతాను. "అబ్బో, రచయిత్రా!" అని ఆవిడ ముఖం విప్పారుతుంది. ఆ వెంటనే, "రాసి నేనే అమ్ముకుంటానండీ" అంటానా, ఆ విప్పారిన ముఖం కాస్త ముడుచుకుంటుంది. రాయడం గౌరవం, అమ్ముకోవడం నామోషీ! మొదట్లో నాకూ అలాగే ఉండేది. సంచీలో పుస్తకాలుండేవి గానీ, పైకి తీయడానికి చెయ్యి వచ్చేది కాదు. ఆ చెయ్యి ఎలా వచ్చిందో, వచ్చాక ఏం పోగొట్టుకోబోయానో, ఆ రెండూ ఇవాళ మీతో చెప్పుకుందామని.

మాది తెనాలి. పిల్లల కథలంటే తెనాలి వాళ్ళకి కొంచెం గర్వం ఉంటుంది. 1947 జూలైలో చందమామ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన చక్రపాణిగారు మా ఊరివారే. 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రికని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారూ ఇక్కడే పుట్టారు. మా నాన్నగారి ఇంట్లో పాత చందమామలు కుట్టించి పెట్టిన బైండ్లు ఉండేవి. వేసవి సెలవల్లో అవే మాకు మామిడిపళ్ళు. ఆ పత్రిక ఆగిపోయి ఇప్పటికి పదేళ్ళు దాటింది. మా పిల్లలకి ఆ పేరు చెబితే, "అంటే మూనా?" అంటారు.

నేను రచయిత్రినవుదామని అనుకోలేదు. మా అమ్మాయి చిన్నప్పుడు కరెంటు పోతే ఏడ్చేది. డాబా మీద చాప వేసి, విసనకర్రతో విసురుతూ కథ చెప్పేదాన్ని. తెలిసిన కథలన్నీ అయిపోయాయి. అప్పుడు కల్పించడం మొదలైంది. మా ఊళ్ళో నిమ్మకాయల యార్డు ఉందిగా, అక్కడ నిమ్మకాయల బుట్టలో నిద్రపోయిన పిల్లిపిల్ల లారీ ఎక్కి ఊళ్ళు చూసొచ్చిందని ఒక కథ అల్లాను. మా అమ్మాయి ఆ కథని నెలరోజులు వదిలిపెట్టలేదు. తరవాత పుట్టిన మా చిన్నాడికీ అదే కథ చెప్పాను. వాడూ వదల్లేదు. పోనీ రాద్దామని కూర్చుని రాశాను. పత్రికలకి పంపిస్తే రెండు మూడు కథలు వేశారు. పుస్తకం వేద్దామని అడిగితే మాత్రం, "పిల్లల పుస్తకమంటే బొమ్మలు కావాలమ్మా, బొమ్మలంటే ఖర్చు, అమ్మకం చూస్తే తక్కువ" అన్నారు. వాళ్ళని తప్పు పట్టను. వాళ్ళ లెక్క వాళ్ళది.

అప్పటికి నేను కడుతున్న చీటీ పాట నాకు వచ్చింది. అందరూ గాజులు చేయించుకోమన్నారు. నేను పుస్తకం వేయించాను.

లెక్క మీకూ చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. పుస్తకం 48 పేజీలు. ఎందుకు 48 అంటే, అచ్చువేసే పెద్ద కాగితాన్ని మడతలు పెడితే 16 పేజీలవుతాయి. అందుకని 16, 32, 48, ఇలా పోవాలి. మధ్యలో ఆపితే కాగితం వృథా. బొమ్మలు వేసిన అబ్బాయికి 15 వేలు ఇచ్చాను. అక్షరాలు కూర్చి పేజీలు అమర్చినందుకు 4 వేలు. కాగితం, అచ్చు, అట్ట, పిన్నులు కలిపి 38 వేలు. మొత్తం 57 వేలు. వెయ్యి కాపీలు వేశాను కాబట్టి పుస్తకానికి 57 రూపాయలు పడింది. వెల వంద రూపాయలని పెట్టాను. అచ్చయిన పుస్తకం అమ్మితే దాని మీద జీఎస్టీ లేదు, అదొక మేలు.

"వందలో 57 పోతే 43 లాభం!" అని మా వారు వేళ్ళు మడిచారు. అలా ఉండదు వ్యవహారం. దుకాణంలో పెడితే వాళ్ళ కమీషను నూటికి 40. అంటే నా చేతికొచ్చేది 60. మూడు రూపాయలు మిగులుతాయి. దానికి పార్సెలు ఖర్చు నాదే. అదే నేను బల్ల వేసుకు కూర్చుని పది రూపాయలు తగ్గించి అమ్మితే 90 వస్తుంది. అందుకని పిల్లల పుస్తకాలు వేసినవాళ్ళు సభలకీ పండగలకీ సంచీ భుజాన వేసుకుని తిరుగుతారు. సరదాకి కాదు, ఆ ముప్పై రూపాయల కోసం.

పుస్తకాలు ఇంటికొచ్చిన రోజు చూడాలి. పది అట్టపెట్టెలు, ఒక్కోదాంట్లో వంద. ఆటో అబ్బాయి వరండాలో దింపి వెళ్ళిపోయాడు. మాది రెండు గదుల ఇల్లు. ఎక్కడ పెట్టాలి? చివరికి పందిరిమంచం కింద తోశాం. మా అత్తయ్యగారు ఆ మంచం కింద చాటలు, జల్లెడలు, ఆవకాయ జాడీలు పెట్టుకునేవారు. అవన్నీ వంటింటి అటక మీదికి పోయాయి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, అటక ఎక్కలేరు. నెల రోజులు, "ఏమే, నీ పుస్తకాలు కాస్త జరుగుతాయేమో, నా చాట కావాలి" అంటూనే ఉన్నారు. వానాకాలం వస్తే చెమ్మ. ఇటికలు పేర్చి, పైన చెక్క వేసి, ఆ పైన పెట్టెలు సర్దాను. ఎండు వేపాకు వేశాను. అయినా ఒక పెట్టెకి అడుగున చెద పట్టింది. ముప్పై పుస్తకాలు పోయాయి. ఆ రోజు నిజంగా ఏడ్చాను.

చిత్రం ఏమిటంటే, మొదటి బేరం తెచ్చిపెట్టింది మా అత్తయ్యగారే. సంక్రాంతికి మా వీధిలో బొమ్మల కొలువు పేరంటాలు ఎక్కువ. భోగి నాడు చిన్నపిల్లలకి భోగిపళ్ళు పోస్తారు. వచ్చిన పిల్లలకి ఏదో ఒకటి చేతిలో పెట్టాలిగా. పెన్సిలు డబ్బాలో, ప్లాస్టిక్కు గిన్నెలో ఇస్తుంటారు. మా అత్తయ్యగారు పక్కింటావిడతో, "ఆ గిన్నెలు నాల్రోజుల్లో విరిగిపోతాయి. మా కోడలి పుస్తకం ఇవ్వరాదూ, పేరు రాసి మరీ ఇస్తుంది" అన్నారట. ఆ సంక్రాంతికి ఆ వీధిలోనే నలభై పుస్తకాలు వెళ్ళాయి. ఆవిడ చాటలు పోగొట్టుకుని కూడా నాకు బేరం తెచ్చారు. అప్పటినుంచి ఆవిడ విసుక్కుంటే నాకు కోపం రావడం లేదు.

ఆ తరవాత ధైర్యం వచ్చింది. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలుంటాయి. లైబ్రేరియన్‌గారిని అడిగితే వరండాలో బల్ల వేసుకోమన్నారు. బళ్ళ వార్షికోత్సవాలకి వెళ్ళాను. ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు తెలుగు మీద ఉపన్యాసాలు చాలా ఉంటాయి, కొనేవాళ్ళు తక్కువ. అన్నిటికన్నా పెద్దది విజయవాడ పుస్తకాల పండగ. 1989లో మొదలైంది, కొత్త సంవత్సరం రోజుల్లో జరుగుతుంది. ఒక్కళ్ళం దుకాణం తీసుకోలేక, నాలాంటివాళ్ళం ముగ్గురం కలిసి ఒక బల్ల పంచుకుంటాం.

తెనాలి నుంచి విజయవాడ ముప్పై కిలోమీటర్ల చిల్లర. పాసింజరు ఎక్కితే దుగ్గిరాల, పెదవడ్లపూడి దాటి కృష్ణ వంతెన మీదుగా వెళుతుంది. పెదవడ్లపూడి వచ్చినప్పుడల్లా నాకు ఒకటి గుర్తొస్తుంది. 1935లో పాతూరి నాగభూషణంగారు అక్కడినుంచి కొల్లూరు దాకా కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. రేవు రేవుకీ పడవ ఆగడం, జనం వచ్చి పుస్తకాలు మార్చుకోవడం. పుస్తకం దగ్గరికి మనిషి రాకపోతే మనిషి దగ్గరికి పుస్తకం వెళ్ళాలని అంతమంది పెద్దవాళ్ళు పాటుపడిన నేల ఇది. నా భుజాన సంచీ ఉంటే నామోషీ ఏమిటి అనిపిస్తుంది. ఆ ఒక్క ఆలోచనతోనే నా చెయ్యి పైకి లేచింది.

బల్ల దగ్గర కూర్చుంటే తెలుస్తాయండీ సంగతులు. పుస్తకాన్ని పట్టుకునేది పిల్లలు. వెల చూసేది తండ్రి. వద్దనేది తల్లి! అవును, మనమే. "మా వాడికి తెలుగు రాదండీ" అంటాం. అదేదో నవ్వుతూ చెబుతాం. కొందరు కొంచెం గొప్పగా కూడా చెబుతారు. పిల్లవాడు మాత్రం బొమ్మలో పిల్లిని వేలితో తడుముతూ ఉంటాడు. మొదట్లో నేను పుస్తకాలు నలుగుతాయేమోనని పిల్లల చేతుల్లోంచి తీసుకునేదాన్ని. తరవాత ఒక కాపీ వాళ్ళ కోసమే విడిగా పెట్టాను, ఎంత నలిపినా సరే అని. బల్ల ఎత్తు కూడా తగ్గించాను. ఎత్తు బల్ల అయితే పిల్లలకి అందదు, వాళ్ళ నాన్నగారికే అందుతుంది.

ఇంట్లో సంగతి చెప్పొద్దూ! సభ ఉన్న రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. పప్పు, కూర, చారు చేసి పెట్టి, అత్తయ్యగారి మాత్రలు గిన్నెలో విడదీసి, మా అమ్మాయికి క్యారేజీ సర్ది, నాకు పెరుగన్నం డబ్బా కట్టుకుని, ఆరున్నరకి స్టేషనుకి. చిల్లర సంచీ, రసీదు పుస్తకం, వాన వస్తే కప్పడానికి ప్లాస్టిక్కు గుడ్డ, ఇప్పుడు కొత్తగా డబ్బు పంపే క్యూఆర్ కోడు అట్ట. రాత్రి తొమ్మిదికి తిరిగొచ్చేసరికి గిన్నెలన్నీ సింకులో నా కోసం కనిపెట్టుకుని ఉంటాయి. ఒకనాడు మా వారు, "ఆదివారమైనా ఇంట్లో ఉండవేమిటి? పుస్తకాల కోసం పిల్లలా, పిల్లల కోసం పుస్తకాలా?" అన్నారు. నాకు రోషం వచ్చింది. "మీరు ఆఫీసులో ఆడిటు వస్తే రాత్రి పదింటికి రావడం లేదూ?" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. అయితే ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే దానికి జవాబు నా దగ్గర లేదు.

ఆ జవాబు దొరికింది మా చిన్నాడి వల్ల. అప్పుడు వాడు మూడో తరగతి. ఇంగ్లీషు మీడియం. రెండో ఏడు పుస్తకాల పండగకి వాడినీ వెంటబెట్టుకెళ్ళాను. వాడికి హుషారు. చిల్లర వాడే లెక్కపెడుతున్నాడు. "ఇది మా అమ్మ రాసింది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. సాయంత్రం ఒక పాప వచ్చింది. ఏడేళ్ళుంటాయేమో. వాళ్ళమ్మ ఆ మైదానంలోనే మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముతోంది. ఆ పాప పిల్లి బొమ్మ చూసి, "అన్నయ్యా, ఇది చదివి చెప్పవా?" అని అడిగింది.

వాడు పుస్తకం తెరిచి మొదలుపెట్టాడు. "అనగనగా ఒక పిల్లిపిల్ల. దానికి నిద్రంటే ఇష్టం. నిమ్మకాయల బుట్టలో పడుకుంది. కళ్ళు తెరిచి చూస్తే ఎటు చూసినా నిమ్మకాయలే!" భేషుగ్గా చెబుతున్నాడు. చుట్టూ నలుగురు పిల్లలు చేరారు. నాకు గర్వంగా ఉంది. అంతలో ఆ పాప అక్షరాల కింద వేలు పెట్టి, "అన్నయ్యా, ఇక్కడ అలా లేదుగా" అంది. ఆ పాప మునిసిపల్ బళ్ళో రెండో తరగతి. కూడబలుక్కుంటూ చదవడం వచ్చు.

నాకప్పటికి అర్థమైంది. వాడు చదవడం లేదు. డాబా మీద నేను చెప్పిన కథ గుర్తున్నది గుర్తున్నట్టు చెబుతూ పేజీలు తిప్పుతున్నాడు. వాడికి తెలుగు చదవడం రాదు. నేను రాసిన పుస్తకం నా కొడుకు చదవలేడు.

వాడు పుస్తకం బల్ల మీద పెట్టి, మెల్లిగా వెనక్కి వెళ్ళి అట్టపెట్టెల చాటున కూర్చున్నాడు. ఆ పాపే కూడబలుక్కుంటూ ఒక వాక్యం చదివి, "పరికించింది అంటే ఏంటండీ?" అని నన్ను అడిగింది. చెప్పాను. "మరి చూసింది అని రాయొచ్చుగా" అంది. ఆ పాపకి పుస్తకం ఊరికే ఇస్తానంటే వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. రెండు కంకులు ఇచ్చి తీసుకుంది. ఒకటి మా వాడికిస్తే తినలేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. పెదవడ్లపూడి దాటాక, "అమ్మా, నువ్వు చెప్పిన కథ బావుంటుంది. పుస్తకంలో కథ కష్టంగా ఉంది" అన్నాడు. తిట్టలేదు, అలగలేదు. ఉన్నమాట చెప్పాడు.

ఇంటికొచ్చి రాత్రి పుస్తకం తెరిచాను. నేను రాసిన వాక్యం చూశాను: నిద్రాభంగం కలిగిన పిల్లిపిల్ల దిక్కుతోచక నలుదిక్కులూ పరికించింది. ఇదెవరి కోసం రాశానండీ? డాబా మీద ఒక్కనాడూ ఇలా చెప్పలేదే! పత్రికవాళ్ళు మెచ్చుకోవాలనీ, పెద్దవాళ్ళు చదివి "భాష బావుంది" అనాలనీ రాశాను. అందులో పిల్లలు లేరు. ఇంట్లోనూ అదే పని చేశాను. ఊళ్ళో పిల్లలందరికీ తెలుగు చదవమని చెప్పడానికి ఆదివారాలన్నీ తిరుగుతూ, నా పిల్లవాడికి అక్షరాలు వచ్చా రాలేదా అని చూడలేదు. బళ్ళో చెబుతున్నారులే అనుకున్నాను. బళ్ళో పరీక్షకి ప్రశ్న, జవాబు బట్టీ పట్టించారు, వాడు మార్కులు తెచ్చుకున్నాడు. నేను మార్కులు చూశాను గానీ వాడి చేత ఒక పేజీ చదివించలేదు.

మర్నాటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఆ ఏడు వచ్చిన పిలుపుల్లో సగానికి రానని చెప్పాను. నెలకి రెండు ఆదివారాలే బయటికి. ఇంట్లో ఉన్న రోజు రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిముషాలు, అంతకుమించి లేదు, వాడు చదవాలి, నేను వినాలి. వాడు ఎక్కడ ఆగితే అక్కడ పుస్తకంలో పెన్సిలుతో చిన్న చుక్క పెడతాను. తిట్టను, అందివ్వను. వాడికి తట్టకపోతే మా అత్తయ్యగారు మంచం మీదినుంచి అందిస్తారు. ఆవిడ చదివింది ఐదో తరగతి. వత్తులు మాత్రం తప్పు పోనివ్వరు.

నెల తిరిగేసరికి నా పుస్తకం నిండా చుక్కలు. ఆ చుక్కలు నాకు నేర్పినట్టు ఏ విమర్శకుడూ నేర్పలేదు. మన తెలుగులో అక్షరం మీద గుణింతం, కింద వత్తు. కొత్తగా చదివే పిల్లలకి తల, వల, ఊయల, పిలక వంటివి సుళువు. వత్తు వస్తే ఒక క్షణం ఆగుతారు. నిద్రాభంగంలో "ద్రా" దగ్గర వాడు ప్రతిసారీ ఆగాడు. రెండేసి వత్తులుంటే అసలు కదలరు. మనం మాటలు కలిపేసి రాస్తాం కదా, వెళ్ళిపోయిందట అని, అది వాళ్ళకి పెద్ద రైలు. ఎక్కడ విడగొట్టుకోవాలో తెలియదు. వరస చివర మాట సగంలో తెగి కింద వరసలోకి పోతే ఇక కథ వదిలేస్తారు. అక్షరం సన్నగా ఉన్నా అంతే, గుడి ఏదో గుడిదీర్ఘం ఏదో పోల్చుకోలేరు. అచ్చులో ఖర్చు తగ్గుతుందని నేను అక్షరం చిన్నది వేయించాను. పేజీలు మిగిలాయి, చదివేవాళ్ళు మిగల్లేదు.

రెండో పుస్తకం వేసినప్పుడు ఇవన్నీ చూసుకున్నాను. అక్షరం పెద్దది. ఏ వాక్యమూ రెండు వరసలు దాటదు. మాట మధ్యలో తెగదు. కథ రాసి ముందు మా వాడి చేత చదివించి, చుక్కలు పడినచోట మార్చి, అప్పుడే అచ్చుకిచ్చాను. అట్ట లోపల బొమ్మలు వేసిన అబ్బాయి పేరు పక్కన, "చదివి సరిచూసినది" అని మా చిన్నాడి పేరు వేయించాను. వాడికి అంతకన్నా పెద్ద బహుమతి నేనివ్వలేను.

ఇక మొదటి పుస్తకం లెక్క ఏమైందంటారా? మూడేళ్ళయ్యాక రాసుకున్నది రాసుకున్నట్టు చెబుతాను. వెయ్యిలో అమ్మినవి 780. అందులో నేను స్వయంగా అమ్మినవి 500, వచ్చింది 45 వేలు. దుకాణాల ద్వారా 280, వచ్చింది 16,800. మొత్తం 61,800. ఊరికే ఇచ్చినవి 90. అందులో కొన్ని కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ వెళ్ళాయి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించినవాళ్ళు పంపాలి. చెద తిన్నవి 30. మంచం కింద ఉన్నవి ఇంకా 100. అచ్చుకి 57 వేలు, బల్ల అద్దెలు, రైలు చార్జీలు 9,500. అంటే 4,700 రూపాయలు చేతినుంచి పడ్డాయి. ఆ మిగిలిన వందా నా చేత్తో అమ్మితే నాలుగు వేల చిల్లర మిగులుతుంది. మూడేళ్ళ చాకిరీకి అదీ ఆదాయం. మా వారు లెక్క చూసి, "పోనీలే, రెండు పట్టుచీరలు కొన్నావనుకుంటాను" అన్నారు. "చీరలైతే ఎవరూ చదవరుగా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు సభ ఉన్న ఆదివారం వంట ఆయనదే. చారులో ఉప్పు ఎక్కువవుతోందని అత్తయ్యగారు అంటారు గానీ, రెండోసారి పోయించుకుంటారు.

మీలో రాసే అలవాటున్నవాళ్ళు ఉంటే నా అనుభవంతో నాలుగు మాటలు. బంగారం తాకట్టు పెట్టి పుస్తకం వేయకండి. పోయినా ఇల్లు కదలని డబ్బుతోనే వేయండి. మొదటిసారి వెయ్యి కాపీలు వద్దు. మూడు వందలు వేయండి. ఒక్కో పుస్తకానికి ఖర్చు కాస్త ఎక్కువ పడుతుంది, కానీ చెదలకి పెట్టుబడి పెట్టినట్టు కాదు. పుస్తకం డబ్బు పోపులడబ్బాలో కలపకండి, విడిగా ఒక నోటుపుస్తకం, విడిగా ఒక డబ్బా పెట్టుకోండి. ఐఎస్‌బిఎన్ అంకె కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ, రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ ఏజెన్సీ, ఉచితంగానే ఇస్తుంది. ఎవరో డబ్బు అడిగారని ఇవ్వకండి. ఊరవతలివాళ్ళకి పుస్తకం పంపాలంటే 2025 మే 1 నుంచి తపాలా శాఖవారి జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలని పెట్టారు, పన్ను అదనం. పుస్తకం మీద ప్రచురించినవారి పేరో, అచ్చువేసినవారి పేరో ఉండాలి. ఇంట్లోవాళ్ళ సాయం అడగడానికి మొహమాటపడకండి. అడిగితే చేసేవాళ్ళే, అడగకపోతే చూస్తూ కూర్చునేవాళ్ళే మన ఇళ్ళలో ఎక్కువ.

రాయనివాళ్ళకి, అంటే తల్లులందరికీ, ఒక్కటే మనవి. ఎక్కడైనా పుస్తకాల బల్ల కనబడితే, "మా వాడికి తెలుగు రాదండీ" అని ముందుకు వెళ్ళిపోకండి. ఆ మాట నేనూ చెప్పుకోవలసినదాన్నే. రాదు కాబట్టే కొనండి. కొనలేకపోతే ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంటుంది, అక్కడికి తీసుకెళ్ళండి. వాడు చదవలేక ఆగితే కోప్పడకండి. ఒక చుక్క పెట్టి ఊరుకోండి. రోజూ ఇరవై నిముషాలు. కుక్కరు చల్లారేపాటి సమయం!

మొన్నటి పండగలో మా చిన్నాడు మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎవరో నాలుగేళ్ళ బాబు వచ్చి బొమ్మలు చూస్తుంటే, వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, అక్షరాల కింద వేలు పెట్టి చదవడం మొదలెట్టాడు. నేను చిల్లర ఇస్తూ ఒక చెవి అటు పెట్టాను. గుక్క తిప్పుకోకుండా పేజీ అంతా చదివాడు. చివరి వరసలో ఒక మాట దగ్గర ఆగాడు. నావైపు చూశాడు. నేను అందివ్వలేదు. వాడే రెండుసార్లు పెదవులు కదిపి, ఆ మాట పట్టుకుని ముందుకు సాగిపోయాడు.

ఆ రాత్రి ఆ మాట కింద చుక్క పెట్టుకున్నాను. మూడో అచ్చులో మార్చాలి.